బాపు చదవని ఆఖరి వారాలు

కాగితం పుస్తకం మంచిదా, తెర మీద చదివే పుస్తకం మంచిదా అని అడిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా స్టాఫ్‌రూములో ఏడాదికోసారైనా ఈ పంచాయితీ వస్తుంది. ఒకరు కాగితం వాసన అంటారు. ఇంకొకరు సంచి బరువు అంటారు. చివరికి అందరూ నా వైపు తిరుగుతారు, ఎందుకంటే జీతం పడగానే పుస్తకం కొనే పిచ్చిది ఆ గదిలో నేనొక్కదాన్నే. అందులోనూ నేను చదివేవి రాక్షసులు, మంత్రగాళ్ళు, మాట్లాడే పక్షులు ఉండే నవలలు. "ఇంత వయసొచ్చినా ఇంకా ఎగిరే గుర్రాలేనా టీచరమ్మా" అని ఆట పట్టిస్తారు. నేలమీద నడిచే గుర్రాల్ని రోజూ చూస్తూనే ఉన్నాను కదా అంటాను.

నేను రెండూ చదువుతాను. లావు పుస్తకం పడుకుని చదివితే నిద్రలో మొహం మీద పడుతుంది. ఫోన్ అయినా పడుతుంది, దెబ్బ అదే. కథలో మనసు లగ్నమైతే చేతిలో ఏముందో ఎవడికి గుర్తుంటుంది? ఇంతకు మించి నా దగ్గర సిద్ధాంతం లేదు. కానీ సకల జనుల సమ్మె జరిగిన ఏడు, జనగామలో మేము అద్దెకుంటున్న ఇంటి వరండాలో, మా బాపు, అంటే నాన్న, ఈ ప్రశ్నను ఒక తీరులో తేల్చుకున్నాడు. అది చూసిన తరువాత నాకు ఇట్లాంటి వాదనల్లోకి పోబుద్ధి కాదు.

బాపుది పెద్దవంగర దగ్గర ఒక పల్లె. పెళ్ళయిన కొత్తలో మానుకోటలో హమాలీ పని చేసేవాడు. చదివింది తక్కువే గాని, అక్షరం కనిపిస్తే వదిలేవాడు కాదు. స్టేషన్‌లోని పుస్తకాల కొట్టుకు వారం వారం ఒక పత్రిక వచ్చేది. అందులో ఒక జానపద సీరియల్ నడుస్తుండేది. ఒక మంత్రగాడు రాజును మోసం చేసి, నదిని చీరలా మడతపెట్టి పెట్టెలో దాచేస్తాడు. నీళ్ళు లేక ఎండిపోయిన ఊరినుంచి ఒక కుమ్మరి పిల్లవాడు, ఎగరడం మరిచిపోయిన పెద్ద పక్షిని వెంటేసుకుని నదిని వెతకబోతాడు. దారి పొడుగునా గండాలే. బాపు ప్రతి వారం ఆ పేజీలను బ్లేడుతో కోసి, దబ్బనంతో కుట్టి దాచేవాడు. చివరికి మైదా ఉడకబెట్టిన జిగురుతో, సిమెంటు బస్తా కాగితం అట్టగా వేసి పుస్తకం కట్టాడు. మా ఇంట్లో మొదటి పుస్తకం అదే. నేను నవలలు చదవడం నేర్చుకున్నదీ అందులోనే. కొన్ని పేజీల వెనక తలనూనె ప్రకటనలుండేవి. ఒకచోట కాకరకాయ పులుసు చేసే విధానం సగం ఉండేది. మిగతా సగం వేరే పేజీతో పాటు పొయ్యిలోకి పోయింది. మా అవ్వ, అంటే అమ్మ, ఆ సగం పులుసు గురించి ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ సీరియల్‌లో రాజులు, మంత్రులు, కుమ్మరి పిల్లవాడు సైతం పుస్తకాల భాష మాట్లాడేవారు. మంత్రగాడి వాకిట్లో కాపలా కాసే మందబుద్ధి రాక్షసుడొక్కడే మా భాష మాట్లాడేవాడు. నవ్వు పుట్టించాలంటే రాసినాయనకు మా మాటే దొరికింది. బాపు నాకు చదివి వినిపించేటప్పుడు దాన్ని తలకిందులు చేసేవాడు. రాజుగారు "ఏందిర, గట్ల నిలవడ్డవ్" అనేవాడు, రాక్షసుడు "తమరెవరండీ" అనేవాడు. బడికి పోయి సొంతంగా చదువుకునేదాకా ఆ పుస్తకంలో అట్లాగే రాసి ఉందనుకున్నాను.

సీరియల్ ముగింపుకు వస్తున్న రోజుల్లో బాపుకు భూపాలపల్లిలో బొగ్గు బాయి పని దొరికింది. గని అన్నది కాగితాల మీది మాట, అక్కడ అందరికీ అది బాయే. మేము సామాను సర్దుకుని అక్కడికి పోయాం. అప్పట్లో అక్కడికి దినపత్రికలే పొద్దెక్కి వచ్చేవి. వారపత్రిక కావాలని ఏజెంటుకు చెబితే తలూపేవాడు గాని తెచ్చేవాడు కాదు. బాపు దగ్గరున్న ఆఖరి పేజీలో కుమ్మరి పిల్లవాడు పెట్టెను కనిపెట్టి తాళం చెవి దూర్చాడు. మంత్రగాడి కూతురు వచ్చి అతని చెయ్యి పట్టుకుని, ఆగు, ఇది తెరిచే ముందు నువ్వొకటి తెలుసుకోవాలి అంది. కింద, తరువాయి వచ్చేవారం అని ఉంది.

ఆ వచ్చేవారం మా ఇంటికి ఇరవై ఏళ్ళకు పైగా రాలేదు.

ఆమె ఏం చెప్పబోయిందన్నది బాపు షిఫ్టు వాళ్ళందరికీ చర్చ అయింది. హాజరు పడేదాకా బాయి మీద కూర్చుని అదే మాట్లాడుకునేవారట. పెట్టె ఖాళీ, నదిని ఆ పిల్లే తాగేసిందని ఒకాయన. ముందు నన్ను పెళ్ళి చేసుకో అని ఉంటుంది, ఆడపిల్ల అంతకన్నా ఏం చెబుతుందని ఇంకొకాయన. బాపు బాధ వేరు. నదిని అన్నాళ్ళు మడతపెట్టి ఉంచితే, విప్పినప్పుడు మడత పడ్డచోట నీళ్ళు ఎట్లా పారుతాయని ఆయన అనుమానం. మానుకోటకు పోయినప్పుడల్లా పాత పత్రికల కోసం వెతికాడు. అవి ఎప్పుడో పొట్లాలైపోయాయి.

నేను పెద్దయి, టీచరు ఉద్యోగం వచ్చి, పెళ్ళయి జనగామలో స్థిరపడ్డాక, బాపుకు చూపు మందగించడం మొదలైంది. అద్దాలు మార్చినా లాభం లేకపోయింది. హన్మకొండలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, రెండు కళ్ళలోనూ చూపు నడుమ మచ్చ పడుతోందని చెప్పాడు. ఎడమది అప్పటికే పోయింది. కుడిది నెమ్మదిగా పోతోంది. మచ్చ పెరిగితే పక్క చూపు మిగులుతుంది, నడవగలడు, మనుషుల్ని పోల్చుకోగలడు గాని అక్షరాలు కనిపించవన్నాడు. ఎన్నాళ్ళలో అని అడిగాను. తాను చెప్పలేనని, చదువుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇప్పుడే చదువుకొమ్మని అన్నాడు. బాపు బాయికి సిక్కు పెట్టి, అంటే జబ్బు సెలవు పెట్టి, అవ్వతో కలిసి మా ఇంటికి వచ్చాడు. సంచిలో సిమెంటు కాగితం అట్ట పుస్తకం కూడా తెచ్చుకున్నాడు. కానీ ఆ పేజీల్లోని అక్షరాలు చీమల్లా ఉండేవి, అవి అప్పటికే ఆయన కంటికి ఆనడం మానేశాయి.

అప్పుడే నా అదృష్టం పండింది. మా బళ్ళో కొత్తగా చేరిన ఒక టీచరుకు పాత వారపత్రికల స్కాన్లు పోగుచేసే అలవాటుంది. ఎవరెవరో ఇళ్ళలో పాత సంచికలను ఫోటోలు తీసి నెట్‌లో పెడతారట. నా రాక్షసుల పిచ్చి తెలిసి, ఒకరోజు పెన్‌డ్రైవ్ నిండా తెచ్చి ఇచ్చింది. ఇంటికొచ్చి మా ఆయన పాత ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తే, నదిని మడతపెట్టిన మంత్రగాడు! మొదటి వారం నుంచి ముగింపు దాకా, ఒక్క వారం పోకుండా ఉన్నాడు. పేజీల మూలల్లో స్కాన్ చేసినవాళ్ళ బొటనవేలు కనిపిస్తోంది. వాళ్ళింట్లో ఏ పిల్లవాడో మంత్రగాడికి పెన్నుతో కళ్ళద్దాలు పెట్టాడు. నేను నిలబడ్డచోటే చివరి వారాలన్నీ చదివేశాను. నా ఆత్రం చూసి అవ్వ, అన్నం మాడుతోందో లేదో నీకేం పట్టిందంది.

బాపును కూర్చోబెట్టి పేజీని పెద్దది చేశాను. అక్షరాలు లావు పెసరగింజలంత అయ్యాయి. ఆయన కుడి కన్ను తెరకు దగ్గరగా పెట్టి మొదటి వాక్యం తడబడకుండా చదివాడు. తరువాత రెండోది. నావైపు తిరిగి చిన్నపిల్లవాడిలా నవ్వాడు. కాగితం పుస్తకమే పుస్తకమని నేను అంతకుముందు ఎంతమందితో కొట్లాడానో, ఆ నిమిషం తెరకు దండం పెట్టాలనిపించింది.

చివరి వారాలు తెరుస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. మధ్యనుంచి దూకి చివరికి పోతే అది చదవడం కాదట, మొదటినుంచీ ఒక వరసలో చదివి అక్కడికి పోవాలట. నేను చదివేశానని తెలిసి, నోరు జారితే ఊరుకోనన్నాడు. నేను చదివి వినిపిస్తానన్నా వద్దన్నాడు. ఇన్నేళ్ళు ఆగింది చెవులతో వినడానికి కాదు, తన కళ్ళతో చూడడానికని ఆయన పట్టు. రోజూ పొద్దున చాయ్ తాగి కొన్ని పేజీలు చదివేవాడు. కన్ను అలిసిపోతే ఆపేవాడు. ఆ లెక్కన పోతే దసరా నాటికి పెట్టె దగ్గరికి చేరుకుంటాడని నేను లోలోపల సంబరపడ్డాను.

అంతలో తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. టీచర్లం బళ్ళు మూసి శిబిరాల్లో కూర్చున్నాం. బస్సులు డిపోలు దాటలేదు. రైళ్ళ పట్టాల మీద వంటలు చేసుకుని తిన్నారు. భూపాలపల్లిలో బొగ్గు బాయి ఆగింది. బాపు షిఫ్టు వాళ్ళు ఫోన్ చేసి, పనికి ఒక్కడూ దిగలేదని చెప్పారు. బాపు ఆ రోజంతా అదే మాట చెప్పి మురిసిపోయాడు. తెల్లారి చాయ్ తాగాక నేను ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెడితే, మూత దించి పక్కకు జరిపాడు.

కన్ను నొప్పా అని అడిగాను. కాదన్నాడు. మరేమిటంటే, సమ్మె అయ్యేదాకా దీన్ని ముట్టనన్నాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడు నన్ను కూర్చోమని మెల్లగా చెప్పాడు.

"మావోళ్ళందరు జీతాలిడిసి ఇండ్ల కాడ కూసున్నరు బిడ్డా. నేను సిక్కుల ఉన్న. నా పేరు సమ్మెల లెక్కకు రాదు. బొగ్గు తీయక కరెంటు ఆపుతున్నరు వాళ్ళు. గదే కరెంటు తోటి నేను ఈడ కూసొని కతలు చదువుకోవాల్నా? ఇడిసిపెట్టేటందుకు నా దగ్గర ఇంకేమున్నది? గిదొక్కటే."

నాకు కోపం నషాళానికి అంటింది. నేను కూడా సమ్మెలోనే ఉన్నాను, నిన్నెవరడిగారు, నీ ఒక్క ల్యాప్‌టాప్ ఆగితే ఢిల్లీలో ఎవరికైనా తెలుస్తుందా అని గొంతు చించుకున్నాను. డాక్టరు చెప్పింది మరిచిపోయావా అన్నాను. మరవలేదన్నాడు. సమ్మె ఎన్నాళ్ళుంటుందో ఎవరికీ తెలియదన్నాను. మచ్చ సంగతీ అంతే కదా అన్నాడు. అవ్వ వంటింట్లోంచి వచ్చి, దయ్యాల కథ కోసం తండ్రీబిడ్డలు ఇట్లా కొట్లాడుకుంటారా అని ఇద్దరినీ కలిపి తిట్టి పోయింది.

నేను అంత తేలిగ్గా ఓడే రకం కాదు. చివరి వారాల పేజీలను పెద్ద అక్షరాల్లో జిరాక్సు సెంటరులో ప్రింటు తీయిస్తానన్నాను. కాగితానికైతే సమ్మె లేదు కదా. బాపు నవ్వాడు. జిరాక్సు మిషన్ కిరసనాయిలుతో నడుస్తదా అని అడిగాడు. ఈ మనిషికి బుర్ర ఎక్కడ పనిచేయాలో అక్కడ పనిచేయదు, ఎక్కడ వద్దో అక్కడ పాదరసంలా పనిచేస్తుంది అనుకున్నాను. అయినా బతిమాలి చూశాను. ఒప్పుకోలేదు.

చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, సిమెంటు కాగితం అట్ట పుస్తకాన్ని నేను చదివి వినిపించాలి. అది ఆయన ఎన్నోసార్లు చదివిందే కాబట్టి చెవులతో విన్నా తప్పు లేదు. తెర మీద ఎక్కడ ఆగాడో అక్కడినుంచి మొదలుపెట్టాం. శిబిరం నుంచి వచ్చి, అన్నం తిని, వెలుతురున్నప్పుడే వరండాలో చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. నేను రాజుగారి మాటలను పుస్తకంలో ఉన్నట్టే చదవబోతే బాపు అడ్డుపడేవాడు. "రాజును మనోని లెక్క మాట్లాడనీ" అనేవాడు. సరేనని రాజును మనవాణ్ణి చేసి, రాక్షసుడికి మర్యాదలు నేర్పేదాన్ని. శిబిరంలో మైకు ముందు ఎన్ని ప్రసంగాలు విన్నానో ఇప్పుడు గుర్తులేదు. ఆ రాజు మాటలు మాత్రం గుర్తున్నాయి.

కోతలు పెరిగాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. ఉక్కపోతకు నేను విసనకర్ర విసురుకుంటూ గొణుగుతుంటే, బాపు మొహంలో ఆనందం దాగేది కాదు. ఫ్యాను ఆగగానే, మావాళ్ళు గట్టిగానే ఉన్నారనేవాడు. ఎక్కువసేపు తిరిగితే దిగులు పడేవాడు, ఎవరైనా లోపలికి దిగారా అని ఫోన్ చేసి కనుక్కునేవాడు. లోకంలో కరెంటు పోతే పండుగ చేసుకున్న మనిషి మా బాపు ఒక్కడేనేమో అని అవ్వ అనేది.

చూపు సంగతి ఆయన ఎత్తేవాడు కాదు, నేను అడిగినా దాటేసేవాడు. బియ్యం దగ్గర బయటపడింది. మా ఇంటికి వచ్చినప్పటినుంచి చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరడం బాపు పని. ఖాళీగా కూర్చోలేని మనిషి, అడిగి తీసుకున్నాడు. బతుకమ్మ ఆటలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం నా పంటి కింద రాయి పడింది. మరునాడు కూడా పడింది. నేను నోరు తెరవబోతే అవ్వ నావైపు చూసి కళ్ళతోనే వద్దంది. ఆ తరువాత గమనించాను. బాపు ఏరి ఇచ్చిన బియ్యాన్ని అవ్వ పెరట్లోకి తీసుకుపోయి, నీళ్ళ తొట్టి వెనక కూర్చుని మళ్ళీ ఏరుతోంది. నాకు దుఃఖం ఆగలేదు. ఆ పూట శిబిరానికి పోకుండా పడుకున్నాను.

బాపును ఇంకోసారి అడిగాను. ఈసారి అరవలేదు. నీ వాళ్ళ కోసం నువ్వు కూర్చున్నావు, సరే, నీ కన్ను నీ కోసం కూర్చుంటుందా బాపూ అన్నాను. తనకూ భయంగానే ఉందన్నాడు. పొద్దున లేవగానే ముందుగా గోడమీది క్యాలెండర్ వైపు చూస్తున్నానని, నిన్నటి అంకె కంటే ఇవాళ్టిది ఇంకొంచెం చెరిగినట్టుంటోందని చెప్పాడు. అయినా మాట మీద నిలబడ్డాడు. ఆయన భయం ఒప్పుకోవడం నేను మొదటిసారి వినడం అప్పుడే. ఇక అడగకూడదని అప్పుడే అనుకున్నాను.

దసరా వెళ్ళింది. జమ్మి ఆకు చేతిలో పెట్టి అందరం అలయ్ బలయ్ తీసుకున్నాం. పుస్తకంలో కుమ్మరి పిల్లవాడు కోటలోకి దూరాడు. పెట్టెను కనిపెట్టాడు. తాళం చెవి దూర్చాడు. మంత్రగాడి కూతురు చెయ్యి పట్టుకుంది. నేను ఆఖరి పేజీ చదివి, అట్ట మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. తరువాతి వాక్యం నా నాలుక చివరనే ఉంది. చెప్పేస్తానేమోనని బాపుకు అనుమానం వచ్చి లేచి పెరట్లోకి పోయాడు.

బాయి మళ్ళీ మొదలైందని బాపు షిఫ్టు ఆయన ఫోన్ చేసిన రోజు పొద్దున నేను బట్టలు ఆరేస్తున్నాను. మా బళ్ళు తెరిచి అప్పటికే ఒకట్రెండు రోజులైంది. రాష్ట్రం మాత్రం రాలేదు, దానికి ఇంకా చాలా కాలం పట్టింది. బాపు ఫోన్ పెట్టేశాడు. తరువాత మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వరండాలోకి వచ్చాడు. "తే బిడ్డా, ఇప్పుడు చదువుత" అన్నాడు.

ల్యాప్‌టాప్ తెచ్చాను. పెట్టె దగ్గరి తరువాయి భాగం తెరిచి, సమ్మెకు ముందు ఎంత పెద్దగా పెట్టేదాన్నో అంత పెద్దగా పెట్టాను. బాపు వంగి చూశాడు. ఇంకొంచెం పెంచమన్నాడు. పెంచాను. ఇంకొంచెం అన్నాడు. తెరలో ఒక వరుసే పట్టేంత అయింది. ఆయన కన్నును అటూ ఇటూ తిప్పాడు, అద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. అవ్వ గడప దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నడుమంత పొగ ఉన్నది. అంచులు కనవడుతున్నయి గాని అక్షరం నిలుస్త లేదు" అన్నాడు.

సమ్మెను తిట్టాలో, ఆయన్ని తిట్టాలో, కంటిని తిట్టాలో తెలియలేదు. బాధ లేదా బాపూ అని అడిగాను. ఎందుకుండదు, ఉందన్నాడు. అట్లా కూర్చోకుండా చదివేసి ఉంటే అంతకంటే ఎక్కువ ఉండేదన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. ఆ నెమ్మదితనానికే నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందే కళ్ళు తుడుచుకున్నాను, ఎట్లాగూ కనిపించదని కాదు, దాచుకునే ఓపిక లేక.

కాసేపటికి ఆయనే, నువ్వు చదువు అన్నాడు. ఇన్నేళ్ళ పట్టు వదిలేశాడు. ఒక్క షరతు పెట్టాడు. కథ ఎక్కడ ముగుస్తుందో ఆ ఆఖరి వాక్యం ముందు ఆగాలి. దాన్ని ఎట్లాగైనా తానే చదువుతానన్నాడు. అక్షరమే నిలవనప్పుడు వాక్యం ఎట్లా చదువుతావని అడగబోయి ఊరుకున్నాను.

చదివాను. మంత్రగాడి కూతురు చెప్పింది, పెట్టె ఇక్కడ తెరిస్తే కోటలో ఉన్నవాళ్ళంతా మునిగిపోతారు, నేను కూడా. తెరవకుండా నీ ఊరిదాకా మోసుకుపో, దారిలో ఎంత దాహమైనా తెరవకు. కుమ్మరి పిల్లవాడు పెట్టెను ఎత్తుకున్నాడు. అడుగడుగుకూ బరువు పెరిగింది. హమాలీ పని చేసిన మనిషి కదా, బాపు నన్ను ఆపి, నెత్తిమీద మోశాడా భుజం మీదనా అని అడిగాడు. రాయలేదన్నాను. నెత్తిమీదే అయ్యుంటుందని ఆయనే తేల్చాడు. నదికి మడతలు పడ్డచోట ఏమైందో కూడా ఉంది. అక్కడ నీళ్ళు వంపు తిరిగాయట, అందుకే నదులు తిన్నగా పారవట. బాపు తొడ మీద చరుచుకున్నాడు. చచ్చిపోయిన షిఫ్టు వాళ్ళు ఇద్దరిని తలుచుకుని, వాళ్ళుంటే బాగుండేదన్నాడు.

ఆఖరి వాక్యం దగ్గర ఆగి, ఇదే అని చెప్పాను. బాపు ముందుకు జరిగాడు. పెంచుతూ పొమ్మన్నాడు. పెంచాను. వాక్యం తెర దాటిపోయింది, తరువాత మాట దాటిపోయింది, చివరికి ఒక్క అక్షరం తెరంతా నిండింది. నల్లని మందపాటి గీతలు, అంచుల్లో పాత కాగితం మరకలు. అరచేతి కంటే పెద్దదైన ఆ అక్షరాన్ని ఆయన ఎదురుగా చూడలేదు. మొహం పక్కకు తిప్పి, చెవి పెట్టి వింటున్నట్టుగా, మిగిలిన ఆ పక్క చూపుతో దాని చుట్టూ తిరిగాడు. కుండను తడిమి చూసినట్టు మెల్లగా చూశాడు.

"న" అన్నాడు.

పేజీని జరిపాను. ఈసారి త్వరగా దొరికింది. "ది". మళ్ళీ జరిపాను. "ఇం" దగ్గర చాలాసేపు ఆగాడు. పక్కన సున్న ఉందా అని అడిగాడు. నేను చెప్పలేదు. చెబితే కోప్పడతాడని తెలుసు. ఉందని ఆయనే అన్నాడు. తరువాత "టి". తరువాత "కి". అవ్వ వచ్చి మా వెనక కూర్చుంది. పొయ్యి మీద పప్పు పొంగుతున్న వాసన వస్తున్నా లేవలేదు. "వ" అన్నాడు. ఆ తరువాతి అక్షరానికి కంటినుంచి నీరు కారింది. తుడుచుకుని, తల ఇటు తిప్పి, అటు తిప్పి, ఒత్తు ఉన్నట్టుందన్నాడు. కాసేపటికి "చ్చిం" అన్నాడు.

ఇక మిగిలింది ఒక్కటి. అదేమిటో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు, చదువు రాని మా అవ్వకు కూడా తెలిసిపోయింది, ఆమె పైకే అనబోయింది. బాపు చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

"చూడకుంట నేను చెప్ప" అన్నాడు.

పేజీని జరిపాను. బాపు మొహం పక్కకు తిప్పుకుని, తెర వైపు వంగి, ఊపిరి బిగబట్టి చాలాసేపు చూశాడు.

"ది" అన్నాడు.